చిలాపీలకు వరమిచ్చిన మల్లేశం

శుక్రవారం వచ్చిందంటే భివండీలో సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగుతుంది. మగవాళ్ళు నిద్రపోతారు, లేకపోతే గడ్డం గీయించుకుంటారు. టెంఘర్‌లో ఆరు సాంచల సేఠ్ మల్లేశం మాత్రం గాలం భుజాన వేసుకొని, అంజూర్ ఫాటా దారిలో ఉన్న ఖదాన్ గుంతకు పోతాడు. ఒకప్పుడు రాయి తవ్విన గొయ్యి అది, ఇప్పుడు నిండా నీళ్ళు. పొద్దుగూకి తిరిగి వచ్చేటప్పుడు ఆయన సంచి పొద్దున ఎంత బరువుందో అంతే ఉంటుంది.

చేపలు పడక కాదు. పడేవన్నీ చిలాపీలు. అరచేతి వెడల్పున, బూడిదరంగులో, వీపు నిండా ముళ్ళతో ఉంటాయి. నిజాంపురా బజారులో కూలివాళ్ళు కొనుక్కునే చేప. ఆరు సాంచల సేఠ్ సంచిలోంచి చిలాపీ తోక కనబడితే ఇంకేం పరువు? అందుకని పడ్డదాన్ని పడ్డట్టే నీళ్ళలోకి వదిలేవాడు. పరువు కోసం వదిలానని చెప్పుకోలేడు కదా, దానికొక పెద్ద మాట కుదుర్చుకున్నాడు.

"మనం నేతపనోళ్ళం, మార్కండేయుని వంశపోళ్ళం. పసిపానం మీదికి యముడొస్తే శివుడు అడ్డం పడ్డడు. అసొంటి వంశంల పుట్టి చిన్నపానం తీస్తనా? పెద్ద బొచ్చె చేప పడనియ్యి, అప్పుడు చూడు."

పెద్ద బొచ్చెకు శివుడు ఎందుకు అడ్డం పడడో ఎవరూ అడగలేదు. ఛాయ్ బండి దగ్గర అందరూ తలలూపేవారు. ఊపగా ఊపగా తన గుండె వెన్న అని మల్లేశానికి కూడా నమ్మకం కుదిరింది. సాంచ మీద పోగు తెగితే పనివాణ్ణి ఆయన తిట్టే తిట్లు వేరే సంగతి.

ఒక్క యమునాబాయికే ఆ దయ గిట్టేది కాదు. చేపలు పెంచడానికి గుంతను ఆమె ఠేకాకు, అంటే కౌలుకు, తీసుకున్నది. ఏటా వానలకు బొచ్చె పిల్లల్ని, రవ్వ పిల్లల్ని తెచ్చి వదిలేది ఆమే. చిలాపీలు వాటి మేత మేసి, చిన్నవాటిని మింగి, గుంతంతా తమదే చేసుకున్నాయి.

"మల్లేశ్ సేఠ్, పడ్డదాన్ని మళ్ల పానీల వెయ్యకు! ఘర్ తీస్కపో, లేకుంటే గట్టు మీద పారెయ్!" అని అవతలి గట్టు నుంచి అరిచేది.

"నీది ధందా, నాది ధర్మం బాయీ," అని ఈయన ఇంకో చిలాపీని వదిలేవాడు.

కొడుకు రూపేష్ పెళ్ళిలో ఆయనకు నోరు ఆగలేదు. సిరిసిల్ల వియ్యంకుడు కనుకయ్యను నలుగురిలో పట్టుకొని, "మిరుగం నాడు మా ఇంటికి రా బావా. బజారు చేప నా గడప తొక్కది. నా చేతులతోని పట్టిన బొచ్చె, మోచేతంత, నీ ఇస్తార్ల పెడ్త," అన్నాడు.

మిరుగం అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. ఆనాడు చేప తినకపోతే ఏడాదంతా దగ్గు వదలదంటారు. దూది నుసి పీల్చి బతికేవాళ్ళకు ఆ భయం ఇంకా ఎక్కువ. మల్లేశం తల్లి పెంటవ్వ అయితే ఆ ముక్క కోసమే ఏడాది పొడుగునా దగ్గుతున్నట్టుండేది.

రెండువేల ఒకటిలో మిరుగం శుక్రవారం నాడే పడింది. కనుకయ్య ముందురోజే దిగాడు.

"ఎందుకైనా మంచిది, నిజాంపురా పోయి ఓ చేప తెస్తనయ్యా," అన్నది భార్య బుచ్చమ్మ.

"నా ఇజ్జత్ నిజాంపురాల అమ్ముతవా?" అని కసిరి, వియ్యంకుణ్ణి వెంటబెట్టుకొని గుంతకు పోయాడు.

మొదటిది చిలాపీ. "చిన్నపానం," అని కళ్ళకద్దుకొని వదిలాడు. కనుకయ్య "ఆహా" అన్నాడు. రెండోదీ చిలాపీయే. మళ్ళీ ఆహా అన్నాడు, ఈసారి కొంచెం మెల్లగా. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆహాలు అయిపోయాయి.

"బావా, దీని మూతి చిరిగి ఉన్నది. ఇందాక వదిలింది ఇదే గద?"

"ఏమో, అన్ని ఒక్కతీరే ఉంటయ్."

"నీ వరం మీద మనసుపడి మళ్ల వచ్చినట్టున్నది."

మల్లేశం ఇంకో పిండి ముద్ద గుచ్చి గాలం విసిరాడు. మబ్బు పట్టింది. ఇంటి దగ్గర పొయ్యి మీద చింతపండు పులుసు మరుగుతూ ఉంటుంది, అందులో పడాల్సింది ఇంకా ఈ నీళ్ళలోనే ఉంది.

అప్పుడు యమునాబాయి వల భుజాన వేసుకొని ఇటు గట్టుకు వచ్చింది. వలలోంచి ఒక చిలాపీని తీసి, కనుకయ్య ముందర దాని దవడ నొక్కింది. నోట్లోంచి నూకగింజలంత పిల్లలు జలజల రాలి రాయి మీద మిలమిలలాడాయి.

"దేఖో భావ్! పిల్లల్ని నోట్ల వెట్టుకొని తిరుగుతది. మీ సేఠ్ ఒకటి వదిలితే నూరు వదిలినట్టు. నా బొచ్చెలు ఏం తినాలె, ఈయన ధర్మం తింటయా?"

కనుకయ్య వంగి చూశాడు. "చిన్నపానమంటివి, ఇది పిల్లల తల్లి గద బావా! శివుడు మార్కండేయునికి ఒక్కపారే వరమిచ్చిండు. నువ్వు శుక్రవారం శుక్రవారం ఇస్తున్నవ్!"

గట్టు మీది గాలాలవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వులోనే బెండు మునిగింది. మల్లేశం లాగాడు. చిలాపీ. చెయ్యి అలవాటుగా నీళ్ళ దాకా పోయి ఆగింది. వదిలితే తల్లి దగ్గుకుంటూ ఉత్త పులుసు జుర్రాలి. వదలకపోతే ఇన్నేళ్ళ మార్కండేయుడు గంగలో కలుస్తాడు.

సంచి నోరు తెరిచాడు. ఆ తర్వాత పడినవన్నీ దాంట్లోకే పోయాయి. చీకటి పడేలోగా సంచి నిండింది. ఈ గుంతలో చిలాపీలకు కరువు లేకుండా చేసింది ఆయనే కదా.

రాత్రి పెంటవ్వ ముల్లు ముల్లుకూ చప్పరిస్తూ, "కొడుకు చేపలకు పోవట్టి ఎన్నేండ్లో అయె, తెచ్చుడు ఇయ్యాలనే చూసిన," అన్నది. కనుకయ్య రెండోసారి పులుసు పోయించుకున్నాడు.

"బొచ్చె గూడ తగిలింది గని, ఒడ్డుకొచ్చినంక జారింది," అన్నాడు మల్లేశం. ఎవరూ ఇస్తారి మీంచి తల ఎత్తలేదు.

వారం తిరిగేసరికి ఛాయ్ బండి దగ్గర ఆయన మాట మారింది. "గుంత పాడైపోతున్నది. చిలాపీలను ఏరి అవతల పారెయ్యాలె. ఎవలో ఒకలు పూనుకోవాలె గదా!" సంచిలోంచి తోకలు బయటికి కనబడేట్టు తనే సర్దుకున్నాడు. అందరూ తలలూపారు, అప్పట్లాగే. యమునాబాయి ఆయన ఉపన్యాసం మొత్తం విని, ఛాయ్ తాగి తన వల భుజాన వేసుకుంది. మాట ఆయన్ని చెప్పుకోనీ, చేపలు పోతే చాలు.

అటక మీది కత్తిపీట దింపుకొని, చిలాపీల కుప్ప ముందర కూర్చున్న బుచ్చమ్మ మాత్రం కోడలు నమ్రతను దగ్గరికి పిలిచి అన్నది:

"ఆ దయ ఉన్ననాడే నయముండె బిడ్డా. ఇగ శుక్రవారమంటే మనకు పొద్దుందాక పొలుసు గీకుడే."