ముచ్చిక ముద్ర

నా చిన్నప్పుడు మా అమ్మ పోతే, చుట్టాలంతా నాకు ఒక్కటే మాట చెప్పారు: నువ్వు ఏడిస్తే చెల్లి బెంగపడుతుంది, ఏడవొద్దని. చెప్పడం వాళ్లకు తేలికే. ఏడుపు ముంచుకొచ్చినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టేదాన్ని. నెల తిరిగేసరికి అదే అలవాటైపోయింది. అన్నం ముందు కూర్చున్నా గుండె పట్టేసేది. బడిలో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాను. నాన్న దిష్టి తగిలిందనుకుని మెడలో తాయెత్తు కట్టించాడు. నేను కూడా అమ్మలాగే పోతానని నాకు లోపల్లోపల ఒకటే భయం.

ఆ ఎండాకాలం పక్కింటి పెద్దమ్మ నన్ను చిల్లకల్లు దగ్గరున్న మిరప కల్లానికి వెంటబెట్టుకెళ్లింది. ఆడవాళ్లు వరుసగా కూర్చుని ఎండు మిరపకాయల తొడిమలు, అవే ముచ్చికలు, తుంచుతున్నారు. ఘాటు తట్టుకోలేక నేను ఊపిరి బిగబట్టాను. ఇక ఆగలేక గట్టిగా పీల్చేసరికి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"బిగబట్టమాకే పిల్లా! బిగబడితే ఘాటంతా ఒక్కసారే లోపలికి పోద్ది. ముచ్చిక తుంచేటప్పుడు మెల్లగా పీల్చు. కాయ గంపలో వేసేటప్పుడు ఇంకా మెల్లగా వదులు," అని కసిరింది పెద్దమ్మ.

ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆమె చెప్పినట్టే చేశాను. గంప సగం నిండేసరికి ఊపిరి దారిలో పడింది. దాని వెనకే ఇన్నాళ్ల ఏడుపూ వచ్చేసింది. భయపడి ఆమె వైపు చూశాను. ఆమె కళ్ల నుంచీ నీళ్లు కారుతున్నాయి.

"ఏడువు. ఇక్కడెవరూ అడగరు. ఘాటనుకుంటారు," అంది.

చేతికందిన కొడుకు పోయి ఆమెకు అప్పటికి ఏడాది కూడా కాలేదు. పనికి వెళ్లాల్సిన అవసరం లేని మనిషి రోజూ కల్లానికి ఎందుకెళ్లేదో నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. నా దుఃఖం ఆ రోజుతో పోలేదు. ఊపిరి మాత్రం అందింది, మళ్లీ బడిలో పడిపోలేదు.

మొన్న వేసవిలో మా ఆయన పోయాక గుండె పట్టేయడం తిరిగి మొదలైంది. పరీక్షలన్నీ చేసి, మందులతో పాటు ధ్యానం కూడా చేయమన్నారు డాక్టరుగారు. నందిగామలో యోగా క్లాసుకు వెళ్తున్నాను. కళ్లు మూసుకుని ఊపిరి మీద దృష్టి పెట్టమంటే, నా బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే ఏదో తుంచుతున్నాయట.

"అదేం ముద్ర మామ్మగారూ?" అని అడిగింది టీచరమ్మాయి.

"ముచ్చిక ముద్రమ్మా," అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోతే కన్నీళ్లొచ్చాయి. ఘాటని చెప్పుకోవడానికి ఆ గదిలో ఒక్క మిరపకాయ కూడా లేదు. పాత అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టబోయాను. పెద్దమ్మ కసిరిన మాట చెవిలో పడ్డట్టయి, మెల్లగా వదిలాను.