కోడలి మాత్ర

స్కూలు యూనిఫాంలు కుట్టే టైలరమ్మకి నోరు పూసింది. గుండుసూదులు పెదాల మధ్య బిగించి పని చేసే అలవాటు కదా, నేరమంతా వాటిమీదకి తోసేసింది. సూదులు మానేసినా నాలుక అంచున, బుగ్గల లోపల పుళ్ళు తగ్గలేదు. తేనె రాసింది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది. చివరికి క్యాన్సరేమోనన్న అనుమానం మనసులో తిష్ఠ వేసింది. అది ఎవరితోనూ అనలేక, భోజనాల దగ్గర ఆకలి లేదని లేచిపోయేది.

ఇంకో బెంగ కూడా ఉంది. కీళ్ళవాతం వచ్చిన కొత్తలో ఆవిడ వేళ్ళు కత్తెర కూడా పట్టలేకపోయాయి. వారానికోసారి వేసుకునే మాత్ర పుణ్యమా అని మళ్ళీ మిషనెక్కింది. పుళ్ళు చూసి డాక్టరమ్మ ఆ మాత్ర శాశ్వతంగా ఆపేస్తే దుకాణం మూసుకోవాల్సిందే. అందుకే ఆసుపత్రి మాటెత్తితే చాలు, మహాతల్లికి చెవుడు వచ్చేసేది.

కడుపుతో ఉన్న కోడలు ఊరుకునే రకం కాదు. తన చెకప్‌కి తోడు రమ్మని తీసుకెళ్ళి, తిన్నగా కీళ్ళ డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టింది.

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది, తొడుగు వేసుకున్న వేలితో పుళ్ళ అంచులు నొక్కింది. నోరు ఎండిపోతోందా, పళ్ళు ఒరుసుకుంటున్నాయా అని అడిగింది. తర్వాత, "చిన్న పసుపు మాత్ర కూడా ఇచ్చాను, వేసుకుంటున్నారా?" అంది.

టైలరమ్మ తల దించుకుంది. "అది మా కోడలు వేసుకునేదేనండి. అట్ట మీద అదే పేరు. ఈ వయసులో నాకు కడుపుతో ఉన్నవాళ్ళ మందేంటి, పొరపాటున రాసుంటారనుకున్నా. అడిగితే మీకు చిన్నతనమని, అడక్కుండా వేసుకోవడం మానేశా."

డాక్టరమ్మకి నవ్వాగలేదు. "నా పరువు కాపాడి మీ నోరు పాడుచేసుకున్నారు. కీళ్ళ మాత్ర వేసుకునేవాళ్ళకి ఆ ఫోలిక్ యాసిడ్ చాలకపోతే ఇలాగే నోరు పూస్తుంది. పుళ్ళు మెత్తగా, పైపైనే ఉన్నాయి, క్యాన్సర్‌లా లేవు. అయినా రక్తం చూద్దాం, రిపోర్టు వచ్చేదాకా కీళ్ళ మాత్ర ఆపండి. పుళ్ళు మానకపోతే మాత్రం మళ్ళీ రండి, ముక్క తీసి పరీక్ష చేయిద్దాం."

రక్తం బాగానే ఉంది. పసుపు మాత్ర మొదలైంది, డాక్టరమ్మ సరేనన్నాక కీళ్ళ మాత్రా మొదలైంది. పుళ్ళు ఒక్కొక్కటే మానిపోయాయి. టైలరమ్మ ప్రాణం కుదుటపడింది.

ఓ మధ్యాహ్నం ఆవిడ పళ్ళెం ఖాళీ చేసి, ఇంకాస్త కూర వెయ్యమంది. కోడలికి అప్పుడొచ్చింది కోపం.

"ఇన్నాళ్ళూ కడుపు మాడ్చుకునే బదులు ఒక్క మాట చెప్పొచ్చు కదత్తయ్యా."

"చెబితే నిజమైపోతుందేమోనని భయమేసిందే," అంది టైలరమ్మ. "నీ బిడ్డని చూడకుండానే పోతాననుకున్నా."

కోడలు కూర గిన్నె మొత్తం అత్తగారి పళ్ళెంలో బోర్లించేసింది.