గడియారానికి పరీక్ష పెట్టిన గట్టమ్మ

మా గట్టమ్మ పెద్దమ్మ పరీక్ష పెట్టకుండా ఏ వస్తువునూ ఇంట్లోకి రానివ్వదు. గొడుగు కొనాలంటే దుకాణం ముందున్న బోరింగు కింద దాన్ని విప్పి పట్టుకుని నిలబడుతుంది. బోరింగు కొట్టడం దుకాణదారు వంతు. ప్లాస్టిక్ కుర్చీ కొనాలంటే మా ఊరు నర్సింహులపేటలో అందరికంటే బరువైన కొమురయ్య వచ్చి అందులో కూర్చుని లేవాలి. ఆ తర్వాత ఆమె చెప్పేది ఒక్క మాటే. పాస్, లేదంటే ఫేల్. పెళ్లిచూపుల నాడు మా పెదనాయన చేత కూడా బావిలోంచి నీళ్లు తోడించిందట. "పాసైననో లేదో ఇంతవరకు చెప్పలే" అని ఆయన ఇప్పటికీ అనుమానంగానే ఉంటాడు.

అలాంటి మనిషికి చేతిగడియారం కొనే పని పడింది. ఆమె తమ్ముడి కూతురు శ్వేత, సర్కారు కొలువు పరీక్షకు చదవడానికి వచ్చి ఆమె ఇంట్లోనే ఉంటోంది. తెలివిగల పిల్ల. ఏది అడిగినా ఠక్కున చెబుతుంది. టైం పెట్టి రాయమంటే మాత్రం చెయ్యి వణుకుతుంది. పోయినేడు బ్యాంకు పరీక్షలో కంప్యూటరు తెర మీద తరిగిపోయే సెకన్లను చూస్తూ కూర్చుని సగం ప్రశ్నలు వదిలేసి వచ్చింది. ఈసారి కాగితం మీద గుండ్రాలు దిద్దే పరీక్ష.

"గిది గూడ గట్లనే అయితే పుస్తకాలు కట్టగట్టి అటక మీద పడేస్త" అని తేల్చేసింది శ్వేత.

నాకు దిగులేసింది. పెద్దమ్మకు వేయలేదు. "నీకు మంచి గడియారం లేదు, గందుకే" అని నన్ను బండి తీయమంది.

కాగితాల మీద మహబూబాబాద్, మా నోళ్లలో మానుకోట. అక్కడ చందూలాల్‌ది గడియారాల దుకాణం. పెద్దమ్మ మెట్లెక్కుతుంటేనే అతను మంచినీళ్ల సీసా తీసి బల్ల కింద దాచాడు.

"పరీక్షకు పోయే గడియారం కావాలె."

బంగారు రంగుది చూపించాడు.

"మెరుస్తున్నది. పిల్ల దీన్నే చూసుకుంట కూసుంటది. ఫేల్."

అంకెలు మారేది చూపించాడు.

"సెకండ్లు గట్ల ఉరుకుతుంటే పిల్ల పరేషాన్ గాదా? ఫేల్."

అంకెలే లేనిది చూపించాడు.

"దీనికే చదువు రాదు, ఇదేం పరీక్షకు పోతది? ఫేల్."

చివరికి తెల్ల ముఖం, నల్ల బెల్టు ఉన్నది ఒకటి చేతిలోకి తీసుకుంది. "దీన్ని ఇంటికి తీస్కపోత. ఆదివారం పరీక్ష పెడత. పాసైతేనే కొంట."

"అమ్మా, గడియారాలు గట్ల ఇయ్యరమ్మా!"

"మీ నాయిన ఇచ్చేటోడు."

చందూలాల్ నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను. గడియారం మాతో వచ్చింది.

ఆదివారం వసారాలో శ్వేత ముందు పాత ప్రశ్నపత్రం, ఎదురుగా పీట మీద పెద్దమ్మ. ఇంట్లో ఉన్న సెల్లులన్నీ బియ్యం డ్రమ్ములో పడ్డాయి. పెదనాయన దగ్గాలంటే పక్కింటికి వెళ్లి దగ్గి రావాలి. టైం అయ్యేసరికి శ్వేత పేపరు సగం దగ్గరే ఉంది. ముఖం చిన్నబోయింది. పెద్దమ్మ ఆ పిల్ల చేతి నుంచి గడియారం విప్పి, చెవి దగ్గర పెట్టుకుని, రెండుసార్లు ఊపింది.

"ఫేల్."

"అత్తా, గడియారం మంచిగనే నడిచింది. నాకే..."

"నువ్వు ఊకో. బెల్టు గుంజి చెయ్యి ఎర్రగైంది. గిట్ల గుంజితే ఎవలు రాస్తరు?"

తెల్లారి నేను దాన్ని వాపస్ ఇచ్చి ఇంకొకటి తెచ్చాను. తర్వాతి ఆదివారం శ్వేత ఇంకొంచెం ముందుకు పోయింది కానీ పూర్తి కాలేదు. పెద్దమ్మ దాని ముళ్లు సన్నమని ఫేల్ చేసింది. తర్వాతి దాని చప్పుడు ఎక్కువంది. ఆ తర్వాతి దాని ముఖమే ఏడ్చినట్టుందంది. నా బండి కనబడితే చాలు, చందూలాల్ నెత్తి పట్టుకునేవాడు. "అన్నా, గా అమ్మ నా గడియారాల మీద ఎందుకు పగబట్టింది?" అని నన్నడిగితే నేనేం చెప్పను? అతని అద్దాల పెట్టెలో ఇక ఫేల్ కాని గడియారాలు కొన్నే మిగిలాయి.

ఒక ఆదివారం మాత్రం శ్వేత చివరి గుండ్రం కూడా దిద్ది, పెన్ను పక్కన పెట్టి, "అత్తా, ఇంక టైం ఉన్నదా?" అంది. పెద్దమ్మ గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అసలు పరీక్ష గూడ కానియ్యి, అప్పుడు చెప్త" అంది.

అసలు పరీక్ష జనగామలో పడింది. ముగ్గురం బస్సులో వెళ్లాం. గేటు దగ్గర మహిళా కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టింది.

"గడియారాలు లోపలికి తేవొద్దు."

శ్వేత కంగారుగా ఏడుస్తుందనుకున్నాను. ఆ పిల్ల అప్పటికే గడియారం విప్పేసి, "పట్టుకో అత్తా" అని పెద్దమ్మ చేతిలో పెట్టి, నవ్వుకుంటూ లోపలికి పోయింది.

"పెద్దమ్మా, గడియారం రానియ్యరని నీకు ఎరుకనా?"

"ఎరుకనే."

"మరి నా బండి టైర్లు ఎందుకు అరగదీసినవ్?"

పెద్దమ్మ గోడ నీడన కూర్చుని కాళ్లు చాపుకుంది. "గడియారం ఫేలయితే చందూలాల్‌కు వాపస్ ఇచ్చొచ్చినం. పిల్ల ఫేలయిందని నేనే అంటే, దాన్ని యాడ ఇచ్చొద్దువురా?"

ఆమె మీద నాకు ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టింది. పైకి చెబితే దానికీ ఏదో పరీక్ష పెడుతుందని ఊరుకున్నాను. లోపల టైం చెప్పే గంట మోగింది. పెద్దమ్మ చేతిలోని గడియారం చూసి, "గంట కొట్టెటాయన జర లేటు. ఫేల్" అంది.

శ్వేత అందరితో పాటు బయటికి వచ్చింది. "అన్నీ దిద్దిన బావా. మళ్లొకసారి చూసుకున్న గూడ."

"గడియారం రానియ్యరని నీక్కూడ ఎరుకనా?"

"ఎరుకనే. మొదట్లనే చెప్దామనుకున్న. కానీ పరీక్ష గడియారానిదనుకుంటే నా చెయ్యి వణుకుడు తగ్గింది. ఇగ ఎందుకు చెప్పాలె?"

పెద్దమ్మ ఏమీ విననట్టు ఆ పిల్ల చెయ్యి లాక్కుని, బెల్టు గుంజకుండా ఒక రంధ్రం వదులుగా గడియారం కట్టింది.

"పాస్."

"ఎవలత్తా? నేనా, గడియారమా?"

"నీ ముచ్చట సర్కారోళ్లు చెప్తరు. నేను గడియారం ముచ్చట చెప్తున్న" అంది కానీ, ఆ పిల్ల చెయ్యి మాత్రం బస్టాండు దాకా వదల్లేదు.

ఇంటికి చేరేసరికి పెదనాయన అరుగు మీద ఎదురుచూస్తున్నాడు. సంగతంతా విని గొంతు సవరించుకున్నాడు.

"గడియారం గూడ పాసైంది. మరి నా సంగతేందే?"

"నీ పేపరు ఇంక దిద్దుతున్న" అంటూ పెద్దమ్మ లోపలికి పోయింది. పెదనాయన చాలా రోజుల తర్వాత తన ఇంట్లోనే తృప్తిగా దగ్గాడు.