వెనక వసారాలో నేను చూడని నెత్తురు

1980ల్లో నేను భద్రాచలం అవతల అడవి అంచు ఊళ్లో, బీడీలకు వాడే తునికాకు కొని ఆరబెట్టే కల్లంలో గుమాస్తాను. నా భార్యకు ఏడాదిగా కడుపునొప్పి, విరేచనాలు. నెలలో కొన్నాళ్లు తగ్గేవి. నెలసరికి ఒకరోజు ముందు మళ్లీ మొదలయ్యేవి.

మా ఇంట్లో బయటచేరితే మూడు రోజులు వెనక వసారాలోనే. అన్నం ఆకులో పెట్టి దూరం నుంచి జరిపేవాళ్లం. ఆమె చెంబు పట్టుకుని పొదల్లోకి ఎన్నిసార్లు వెళ్లేదో ఎవరమూ చూడలేదు.

"కడుపుల నుంచి గూడ నెత్తురు పోతున్నదయ్యా" అని ఒకసారి చెప్పింది.

"ఆ రోజుల్ల నెత్తురు గాక నీళ్లొస్తయా?" అన్నాను. మా అమ్మ నవ్వింది.

"నెలనెలా గీ టైముకే ఎక్కువైతది. దవాఖానాకు తీస్కపో."

"కల్లం అయిపోనీ."

కల్లం ఇంకా నడుస్తుండగానే ఆమె వసారా మెట్టు మీద పడిపోయింది. "ముట్టుకోకురా!" అని అమ్మ అరిచింది. నేను ఆగాను. ఒక్క క్షణమే, కానీ ఆగాను. తర్వాత ఎత్తుకుంటే ఆకుకట్టంత తేలిగ్గా ఉంది.

ఖమ్మం దాకా బస్సులో ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూనే ఉన్నాను. కండక్టర్ ఎక్కడికని అడిగితే జేబులో డబ్బులన్నీ తీసి అతని చేతిలో పెట్టాను.

దవాఖానాలో డాక్టరమ్మ ఆమెను అడిగితే అలవాటుగా నేనే జవాబిచ్చాను. "ఆడోళ్ల బాధే మేడం."

"కడుపు నీదా? నువ్ చెప్పమ్మా."

ఆమె ముందు నా ముఖం చూసింది. తర్వాత అన్నీ చెప్పింది.

"పెద్దపేగుల పుండ్లున్నట్టున్నయి, పరీక్ష చేస్తం" అంది డాక్టరమ్మ. "ఒంటిని కాపాడే బలమే పేగు మీదికి తిరగబడ్తది. నెలసరి ముందు హార్మోన్లు తగ్గుతయి. కొంతమందికి గప్పుడే రోగం ఎక్కువైతది. ఎందుకో మాకూ పూర్తిగ తెల్వదు. ఈమె చెప్పింది మాత్రం నిజం."

"బతుకుతదా మేడం?"

"నెత్తురు చానా పోయింది. ఇన్నాళ్లు ఏం జేసినవ్?"

 

నెత్తురెక్కించారు, మందులు మొదలుపెట్టారు. ఐదో రోజు గంజి అడిగింది.

ఇంటికొచ్చాక మళ్లీ ఆ రోజులు దగ్గరపడ్డాయి. అమ్మ గొణుగుతున్నా ఆమె చాప నా మంచం పక్కన వేశాను.

"ఎన్నిసార్లు పోయినవ్? నెత్తురున్నదా?"

"ఇప్పుడడుగుతున్నవా?" అంది, నవ్వకుండా. చాప మీద లేచి కూర్చుని, "ఉన్నది" అంది.

కల్లానికి కబురు కూడా పంపకుండా మర్నాడు పొద్దున ఆమెను ఖమ్మం దవాఖానాకు మొదటి బస్సెక్కించాను.