తలుపు వెనక కాగితం

ఊళ్ళో అందరూ ఆయన్ని గొళ్ళెం మామ అనేవారు. నగరసభ భవనంలో ఆయన ఉద్యోగమే అది. గంట మోగగానే సభ గది తలుపు మూసి, లోపల గొళ్ళెం పెట్టి, దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చోవాలి. కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. మామ నోట్లో బస్తా నువ్వులు పోసినా ఒక్క గింజ బయటపడదు. లోపల విన్నది ఇంట్లో కూడా చెప్పడు. అదంటే ఆయనకి కొండంత గర్వం. పాపం, ఆ ఉద్యోగంలో గర్వపడడానికి ఇంకేముంది గనక!

అలాంటి మనిషి నెత్తిన కొత్త నిబంధన పడింది. ఇకమీదట సభ తలుపు తెరిచే ఉండాలి. ఎవరైనా వచ్చి వినొచ్చు, మాట్లాడొచ్చు. చర్చించే విషయాల కాగితం ముందుగానే తలుపుకి అతికించాలి. మామ శ్రద్ధగా జిగురు పూసి అతికించాడు. జనం కోసం వెనక వరసలో కుర్చీలు వేశాడు. మొదటి సభకి ఈగ కూడా రాలేదు.

"జనానికి ఆసక్తి లేదయ్యా," అంది అధ్యక్షురాలు. "వచ్చే సభకీ ఇంతే అయితే మునుపటిలాగే మూసేసుకుందాం."

మామకి లోలోపల హాయిగానే అనిపించింది. ఆ మాట దాచడమెందుకు?

రెండో సభకి ముందురోజు మధ్యాహ్నం భార్య భోజనం క్యారేజీ తెచ్చింది. ఆమె బజారు వరండాలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆమెలాంటి వాళ్ళు అక్కడ ఇంకా చాలామంది ఉన్నారు.

"ఏం మాట్లాడతారో తెలియకుండా ఎవరొస్తారండీ?" అంది.

"తెలియకపోవడమేంటి? రేపటి సభ కాగితం తలుపుకి అతికించాగా."

"ఎక్కడ?"

బార్లా తెరిచిన తలుపు మీద ఏమీ లేదు. మామ నాలుక కరుచుకుని తలుపుని గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగాడు. కాగితం అక్కడుంది, గోడకి మొహం పెట్టి. ఇన్నేళ్ళూ లోపల కూర్చున్నవాడికి తలుపంటే లోపలివైపే మరి!

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే చదవసాగింది. మూడో విషయం దగ్గర నవ్వు ఆగిపోయింది. బజారు వరండా పడగొట్టి, బళ్ళు నిలిపే చోటు చేయాలట.

"ఇది మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

మామ క్యారేజీ గిన్నెల వైపు చూశాడు.

"రోజూ పక్కనే కూర్చుని తింటారు కదండీ," అంది ఆమె. అరవలేదు. అరిచినా బాగుండేదనుకున్నాడు మామ.

ఆమె వెళ్ళాక ఆయన క్యారేజీకి మూత పెట్టేశాడు. ఇన్నాళ్ళూ గుట్టు కాపాడానని మురిసిపోయాడు. ఎవరి గుట్టు? ఎవరి నుంచి? గోటితో గీకి కాగితం ఊడదీస్తే సగం చిరిగింది. ఆ చిరిగినదే పట్టుకుని బజారుకి నడిచాడు. వరండా మధ్యలో నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, లోపలి మాట బయట గట్టిగా చదివాడు. చిరిగిన చోట గుర్తున్నది చెప్పాడు. భార్య మిషను ఆపింది గానీ తల ఎత్తలేదు.

మర్నాడు అందరూ వచ్చారు. వచ్చి గుమ్మం బయటే ఆగిపోయారు. కారణం మామే. అలవాటు కొద్దీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "రండి, రండి" అంటున్నాడు గానీ, ఇన్నేళ్ళూ "పొండి" అన్న మొహాన్ని ఎవరు నమ్ముతారు? చివరికి ఆయనే వెళ్ళి వెనక వరసలో ఒక కుర్చీలో కూర్చున్నాడు.

"అదేంటయ్యా, నువ్వు కూర్చున్నావ్?" అంది అధ్యక్షురాలు.

"నేనూ ఈ ఊరివాణ్ణేనమ్మా."

అప్పుడు కదిలారు జనం. భార్య ఆయన పక్కన ఒక కుర్చీ వదిలి కూర్చుంది. తన వంతు రాగానే లేచింది. సూదిలో దారం ఎక్కించాలంటే ఆ వరండాలో పడే వెలుతురు ఎంత అవసరమో, అక్కణ్ణించి లేపేస్తే తామంతా ఎక్కడికి పోవాలో చెప్పింది. తాము వచ్చి వరండా చూశాకే నిర్ణయమన్నారు సభ్యులు. అది గెలుపేమీ కాదు, వాయిదా. అయినా నోరు తెరిచి అడిగి తెచ్చుకున్న వాయిదా.

సాయంత్రం ఇంట్లో మామే రాజీకి దిగాడు. ఆమె దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "వచ్చే సభలో ఏముందో తెలుసా?"

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నా ఒక్కదానికే వద్దు. రేపు వరండాలో చెప్పండి. అందరితో పాటే వింటాను."