మురుగుకు స్టే తెచ్చినదాన్ని

ఒకే ఒక్క వాదనతో కక్షిదారు అరుగునూ నా పరువునూ కలిపి కూల్చిన ఘనత నాది. నవ్వుకోండి, జడ్జిగారే ఆపుకోలేకపోయారు.

అప్పుడు కొత్త వకీలుని. కడపలో ఓబులమ్మ అనే ఆవిడ ఇంటి ముందు అరుగు మీద కారం దోసెలు పోసుకుని బతికేది. ఆ అరుగు మురుగుకాలువ మీద ఉంది, కూల్చేస్తామని మున్సిపాలిటీ నోటీసిచ్చింది. "అరుగు కింద కాలువే లేదు, అది మా సొంత స్థలం" అని దావా వేశాను. అరుగును ముట్టుకోవద్దని అడిగితే సరిపోయేది. నేనూరుకుంటానా? "తీర్పొచ్చేదాకా ఆ ఇంటి ముందు గడ్డిపోచ కూడా కదలకూడదు!" అని గర్జించాను. జడ్జిగారు అలాగే ఆర్డరిచ్చారు.

సరిగ్గా ఆ పొద్దునే పారిశుధ్యం వాళ్లు కాలువ పూడిక తీసి, ఆరాక ఎత్తుకుపోదామని అరుగు పక్కనే కుప్ప పోశారు. మన ఊళ్ల పద్ధతి మీకు తెలియనిదా!

ఆ వారంలోనే ఓబులమ్మ ఊగిపోతూ వచ్చింది.

"ఏం పాపా, కుప్ప ఎత్తండప్పా అంటే నీ ఆర్డరే సూపిస్తాండారు! దోసెల కాడికి ఈగలు తప్ప మనిషి రాల్యా."

శానిటరీ ఇన్‌స్పెక్టరు మీదికి లేచాను. ఆయన చేతులు జోడించాడు.

"గడ్డిపోచ గూడా కదలగూడదని మీరే అంటిరి గదా మేడం. ఈడ బండెడు ఉండాది. ముట్టుకుంటే నన్ను జైల్లో ఏస్తారు!"

మళ్లీ కోర్టుకు పరుగు.

"సార్, ఆ పూడిక ఎత్తించాలి. కంపు భరించలేకపోతున్నాం."

"ఎక్కడిదమ్మా ఆ పూడిక?"

"అరుగు కింద కాలువలోది సార్! గడ్డపారలతో పొడిచి పొడిచి లాగారు!"

జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఏ అరుగు కిందమ్మా? కాలువే లేని అరుగు కిందా?"

పూడిక పోయింది. వెనకాలే అరుగూ పోయింది. ఓబులమ్మ తిట్టలేదు. కోర్టు గేటు దగ్గర తోపుడుబండి పెట్టి, దోసె దోసెకూ నా కథ వడ్డించింది. బేరం శానా బాగుందట!

మున్సిపాలిటీ అధికారి ఆ బండి దగ్గరే నన్ను పట్టుకున్నాడు.

"మా వకీలు గూడా మాకోసం ఇంత బాగా వాదించల్యా మేడం. ఇంగ మా తరఫునే ఉండండి."

ఈనాటికీ వాళ్ల వకీలునే.

అందుకే పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: జడ్జి ప్రశ్న అడిగాక, ఒక గుటక మింగి గానీ నోరు తెరవను. ఇంట్లో మా ఆయన అడిగే ప్రశ్నలకు ఈ ప్రమాణం వర్తించదు.