మాటలు తీసేసిన పాటలు

పోయిన వారం బీపీ మాత్రల కోసం దవాఖానకు వెళ్ళి వరుసలో కూర్చుంటే, గోడకు బిగించిన డబ్బాలోంచి సన్నగా వేణునాదం వినిపిస్తోంది. రోగులకు గాబరా తగ్గాలని ఈ మధ్యనే పెట్టారట, ఆ సంగతి చెప్పిన పక్కాయన పాటకు బీపీ దిగుతుందా అని తనే నవ్వాడు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఇరవయ్యేళ్ళ కిందట ఒక మనిషి ఇలాంటి మాటే చెప్పి నన్ను ఇంటికి పిలిస్తే, ఆయన్ను నేను ఎన్ని విధాల అనుమానించానో గుర్తొస్తే ఈ వయసులో కూడా తల వంగిపోతుంది.

అప్పుడు మేము బొగ్గు కంపెనీవాళ్ళ సెంటినరీ కాలనీలో రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్ళం. బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం నా పని. ఒకనాడు సెకండ్ షిఫ్టులో నాకూ నా జతగాడికీ నడుమ మంచమంత బండ ఊడిపడింది. ఇద్దరికీ గీత కూడా పడలేదు. దుమ్ము అణిగాక ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం కూడా. కానీ ఆ మర్నాటి నుంచి, నడుముకు బ్యాటరీ కట్టుకుని టోపీకి దీపం తగిలించుకునే సరికి నా గుండె దడదడలాడడం, అరచేతులు చెమటకు తడిసిపోవడం మొదలైంది. హాజరు పడ్డాక కూడా కడుపునొప్పి వంకతో వెనక్కి వచ్చేసేవాణ్ణి. మీలో బాయి పని చేసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. జ్వరమని చెప్పుకోవచ్చు, తాగి పడిపోయానని కూడా చెప్పుకోవచ్చు గానీ, భయమేస్తోందన్న మాట మాత్రం మా నోట రాకూడదు.

నాగాలు పెరిగాయి. ఇంకొన్ని పెరిగితే కొలువే పోతుంది. దానికి తోడు, పనికి పనికిరాడని దవాఖానలో రాయించుకుంటే ఇంట్లో ఒకరికి ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ మా కాలనీల్లో ఎప్పుడూ తిరుగుతూ ఉండేది కాబట్టి, నా సంగతిని అందరూ అటువైపే లాగారు. నా భార్య తమ్ముడే ఒకరోజు గడపలో నిలబడి, “ఏంది బావా, అన్‌ఫిట్ కోసం నాటకమాడుతున్నవట గద?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ రోజు నుంచి ఎవరైనా బాగున్నావా అని అడిగితే, ఈ మనిషి నాలోంచి ఏమి లాగాలని చూస్తున్నాడా అని నేను వాళ్ళ కళ్ళలోకి చూడడం మొదలుపెట్టాను.

అట్లాంటి సమయంలో పిలిచాడు, మా బాయి మీద హాజరు రాసే గుమాస్తా. మందమర్రి నుంచి వచ్చిన క్రైస్తవుల ఇంటి మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. రిజిస్టరు మీద నుంచి తల ఎత్తకుండానే, “తమ్మీ, రేపు డ్యూటీకి వచ్చేముందు ఒకపారి మా ఇంటికి రా. హార్మోనియం వాయిస్త, కూసొని ఇను. నీ దడ జర తగ్గుతది,” అన్నాడు.

దడ సంగతి ఆయనకు ఎవరు చెప్పారు? నేను హాజరు వేయించుకుని వెనక్కి పోయిన రోజులన్నీ ఎరిగిన ఒకే ఒక్క మనిషి ఆయన. ఆఫీసువాళ్ళే కూపీ లాగమని పంపారేమో అనుకున్నాను. కాదు, భయంలో ఉన్నవాణ్ణి చూసి తన మతంలోకి తిప్పుకుందామనుకుంటున్నాడేమో అనుకున్నాను. అయినా వెళ్ళాను, వెళ్ళకపోతే పైకి రాసి పంపుతాడేమోనన్నది ఇంకో అనుమానం.

మధ్యాహ్నపు వేళ. వాళ్ళావిడ చాయ్ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఒక చేయి గుండె మీద పెట్టుకుని, అది ఎట్లా కొట్టుకుంటుందో రెండో చేతి వేలితో బల్ల మీద కొట్టమన్నాడు. నా వేలు పరుగు తీస్తుంటే ఆయనా అంత పరుగుగానే చర్చి పాటొకటి పాడుతూ వాయించాడు. తరువాత ఎక్కడ తగ్గించాడో నాకు తెలియదు, పాట నెమ్మదించిందని నేను గమనించే సరికే నా వేలు కూడా నెమ్మదించింది. ఊరుకున్న గుండెతో కూర్చుని నేను అడిగిన మాట ఏమిటో తెలుసా? “నన్ను మీ మతంల కలుపుకుందామని పిలిచినవా సార్?”

ఆయన వేళ్ళు ఆగాయి. “నాకొచ్చినయన్నీ చర్చి పాటలే తమ్మీ. నీకు గట్ల అనిపిస్తే మాటలు తీసేస్త, ఉత్త రాగమే వాయిస్త,” అన్నాడు. అప్పటి నుంచి నా ముందు నోరు తెరిచి ఒక్క ముక్క పాడలేదు.

ఆ రోజు బాయి దిగాను, మర్నాడూ దిగాను. అట్లా మూడు వారాలు గడిచాయి. కానీ నేను చెప్పులు వేసుకుంటుండగా ఆయన ఒక నోటుబుక్కులో ఏదో రాసుకోవడం కిటికీలోంచి రోజూ కనబడేది. ఒకనాడు ఆయన లోపలికి వెళ్ళినప్పుడు ఆ బుక్కు తెరిచాను. నా పేరు, కింద తేదీలు, ఒక్కో తేదీకి ఎదురుగా రెండేసి అంకెలు. నా మీద కాగితం తయారవుతోందని తేలిపోయింది. పేజీ చించి చేతిలో పట్టుకుని, ఇల్లు దద్దరిల్లేలా అరిచాను. ఆయన గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. వాళ్ళావిడే కొంగుకు చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

“గవి నీ గుండె కొట్టుకున్న లెక్క తమ్మీ. రాంగ ఎంత, పోంగ ఎంత అని. ముందటి పేజీలు తిప్పి చూడు, గప్పుడు ఒర్రు.”

తిప్పాను. సిరా వెలిసిపోయిన పాత పేజీలు, ఏళ్ళ తరబడివి. అన్నిటి మీదా ఆయన పేరే. కొత్తగా కొలువులో చేరిన రోజుల్లో ఆయన హాజరు రాసి దించిన ఒక మనిషి తిరిగి పైకి రాలేదట. ఆ నాటి నుంచి రిజిస్టరు ముట్టుకోవాలంటే ఆయనకు దడ. ఇంట్లో హార్మోనియం వాయించుకుని, గుండె సర్దుకుందని లెక్క చూసుకున్నాకే ఆఫీసుకు బయలుదేరేవాడట. ఆమె చెబుతుంటే ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

తప్పయిందని చెప్పాల్సింది, చెప్పకుండా చించిన పేజీని సాపు చేసి బుక్కులో పెట్టాను. ఆయన వచ్చి హార్మోనియం ముందు కూర్చున్నాడు గానీ వాయించడం మొదలుపెట్టలేదు. మెడ నరం ఎగిరెగిరి పడుతోంది. ఆ నరాన్నే చూస్తూ ఈసారి నేను బల్ల మీద వేలితో కొట్టాను, అది ఎంత వేగంగా ఎగురుతోందో అంత వేగంగా. కాసేపటికి ఆయన అందుకున్నాడు. నేను కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయాను. ఆ రోజు డ్యూటీకి కలిసే నడిచి వెళ్ళాం.

నా భయం పూర్తిగా పోయిందని చెబితే అబద్ధమవుతుంది. నాతో పాటే బాయి దిగేది, నాతో పాటే పైకి వచ్చేది. కొలువు మాత్రం నిలిచింది, సర్వీసు నిండే దాకా చేశాను. ఆయన నాకంటే ముందే రిటైరై మందమర్రి వెళ్ళిపోయాడు. తెలంగాణ వచ్చిన రోజున మా చౌరస్తాలో డప్పులు మోగుతుంటే, ఆయనకు ఒక్కసారి ఫోను చెయ్యాలనిపించి చేశాను. వాళ్ళావిడ ఎత్తి, సారు పోయి ఆరు నెలలైందని చెప్పింది. ఆయన బతికి ఉండగా చెప్పలేకపోయిన మాట ఆమెకు చెప్పాను. డప్పుల చప్పుడులో విన్నదో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు మా లైనులో సగం క్వార్టర్లకు తాళాలే. ఉన్నవాళ్ళ తలుపులు కూడా మూసే ఉంటాయి, ఎవరి చెవుల్లో వాళ్ళకు ఏదో ఒక పాట మోగుతూనే ఉంటుంది. ఒకరి ముఖం చూసి కష్టం పసిగట్టి పిలిచేవాళ్ళూ లేరు, ఎందుకు పిలిచారా అని శంకించేవాళ్ళూ లేరు. సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది, అనుమానించడానికైనా సరే, ఒక మనిషి వచ్చి పిలిస్తే బాగుండునని.